ఒడిబాయి కాడ ఏడ్వని తమ్ముడు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వల, తాడ్వాయి దాటినంక మా ఊరి స్టేజీ వస్తది. స్టేజీ కాడ దిగి ఊర్లెకు నడిస్తే కిలోమీటరుకు రెండు కరెంటు స్తంభాల దూరం తక్కువ. ఆ నడుమల ఎడమ దిక్కు ఒక బాయి ఉన్నది. దాని పేరు ఒడిబాయి.

చీకటి పడ్డంక మా ఊరోళ్లు ఆ బాయి దిక్కు మొఖం తిప్పరు. బండి మీద పోయేటోడు హారన్ కొట్టడు. నడిచిపోయేటోడు దగ్గొస్తే గుడ్డ అడ్డం పెట్టుకుంటడు.

ఎందుకని అడిగితే ఊర్లె ఒక్కొక్కడు ఒక్కొక్క తీరు చెప్తడు. అవన్ని ఇడిసిపెట్టుండ్రి. నేను చెప్పేదే అసలుది.

మా ఎదురింటి బాలమల్లుకు ఒక మేనత్త ఉండె. పేరు హన్మవ్వ. కరువు ఏడు అత్తగారింట్ల గింజ లేక, ఒడిబియ్యం పోయించుకుంటనని పుట్టింటికి నడిచి వచ్చింది. మా దిక్కు ఆడబిడ్డకు మూడేండ్లకో అయిదేండ్లకో పుట్టింటోళ్లు కొత్త చీర పెట్టి, కొంగు చాపుమని, అండ్ల పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతోని పోస్తరు. పెండ్లి చేసి పంపినా నువ్వు ఈ ఇంటి బిడ్డవే అని చెప్పుడు అది.

హన్మవ్వ తలుపు కొట్టింది. అన్న, అంటే బాలమల్లు తండ్రి, లోపట నుంచి గొళ్లెం పెట్టిండు. రాత్రంత కడప ముంగట కూసున్నదట...

పొద్దుగాల ఈ బాయిల తేలింది. కొంగు రెండు చేతులతోని ఎట్ల చాపిందో అట్లనే పట్టుకొని ఉన్నదట.

అప్పట్నుంచి ఆమె రాత్రిపూట బాయి ఒడ్డు మీద కూసోని, కొంగు చాపి, పోయేటోళ్లను అడుగుతదని పేరు. ఒక్కటే మాట అడుగుతదట — "ఏదన్న పోయ్యి."

బాలమల్లు బతికున్నన్ని రోజులు ప్రతి పంటకు మొదటి పిడికెడు బియ్యం ఆ బాయిల వేసెటోడు. ఆ ఒక్క సంగతిల ఆయన మంచోడే. కడమ సంగతులల్ల కాదు. ఒక ఏడు నా మక్కచేను ఎండుతుంటే రెండు దినాలు నీళ్లిడువుమని అడిగిన. ఇడువలే. ముప్పై ఒక్క ఏండ్లాయె. ఆ రెండు దినాలు నాకు ఇంకా యాదున్నయి.

కాని ఇప్పుడు చెప్పేది ఆయన కొడుకు సిద్ధిరాములు సంగతి. సిద్ధిరాములు నోట్లె విన్నది కొంత, వాని పెండ్లాం విమలమ్మ చెప్పింది కొంత, వాని అక్క భూమక్క చెప్పింది కొంత. నేను కలిపింది ఏమీ లేదు.

* * *

బాలమల్లు పోయి రెండేండ్లు. వీలునామా రాయలే. నాలుగెకరాల పన్నెండు గుంటల భూమి, అండ్లనే ఈ బాయి. ఇద్దరే పిల్లలు. పెద్దది భూమక్క, చిన్నోడు సిద్ధిరాములు.

తండ్రి పేరు మీదున్న భూమిని తన పేరు మీదికి ఎక్కించుకుందామని సిద్ధిరాములు తిరగబట్టిండు. దాన్నే విరాసత్ అంటరు. కామారెడ్డిల కాయితాలు రాసే రామస్వామి కాడికి పోతే ఆయన అద్దాలు నొసటి మీదికి ఎక్కించి అడిగిండట.

"అక్కచెల్లెండ్లున్నరా?"

"ఒక అక్క ఉన్నది. పెండ్లయి ముప్పై ఏండ్లాయె. మద్నూర్ల ఉంటది."

"పెండ్లయి ముప్పై అయినా మూడొందలయినా బిడ్డ బిడ్డనే. చట్టం మారి చానా ఏండ్లాయె. కొడుకుకు ఎంతో బిడ్డకు అంత. ఆమె వచ్చి సంతకం పెట్టాలె. లేకపోతే వాటా ఇయ్యాలె."

సిద్ధిరాములు మద్నూర్ పోయిండు. భూమక్క పెనిమిటి భివండిల మగ్గాల కాడ ఉంటడు. పిల్లలు కాలే. పక్కింట్ల మరిది బిడ్డ కళ్యాణి, పెద్దమ్మా పెద్దమ్మా అని ఆమెను కనిపెట్టుకొని ఉంటది.

"హక్కు ఇడిసిపెట్టినట్టు ఒక్క సంతకం పెట్టు అక్కా," అన్నడు. "ఒడిబియ్యం పోస్త. మంచి చీర పెడ్త."

"అమ్మ సచ్చి తొమ్మిదేండ్లు. తొమ్మిదేండ్ల నుంచి నా ఒడిల గింజ పడలే. ఇయ్యాల సంతకం కావల్సి వచ్చిందా తమ్మీ నీకు ఒడిబియ్యం?"

"గట్ల కాదక్కా..."

"ఒడిబియ్యం వేరే, వాటా వేరే. రెండూ నావే. బియ్యం పోసి భూమి తీసుకుంటవా?"

ఆమె మాట గట్లనే ఉంటది. చిన్నప్పుడు నా చెట్టు మీద జామకాయలు తెంపి, తెంపినవా అంటే, తెంపిన, ఏం చేస్తవ్ అన్న పిల్ల. నేను ఆమెను అప్పట్నుంచి ఎరుగుదు.

సిద్ధిరాములు మల్ల రామస్వామి కాడికే వచ్చిండు. "పిల్లలు లేనామెకు వాటా ఎందుకు? ఆమె పోతే ఎవ్వనికి పోతది?" అని అడిగిండు. రామస్వామి ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. పిల్లలు లేని ఆడామెకు తండ్రి నుంచి వచ్చిన ఆస్తి, ఆమె పోతే పెనిమిటికి పోదు. మల్ల తండ్రి వారసులకే వస్తది.

"అంటే నాకే?"

"నీకే. కాని ఎవ్వర్నన్న దత్తత తీసుకుంటే అయిపాయె. అప్పుడు ఆ పిల్లకు పోతది."

ఆ మాట సిద్ధిరాములు మనసుల ముల్లు లెక్క దిగింది. దత్తత అనంగనే కళ్యాణి మొఖం కండ్లల్ల ఆడిందట. ఇది నేనన్న మాట కాదు, వాడే చెప్పిండు.

* * *

ఇగ ఆ శుక్రవారం.

పొద్దుగాల ఎనిమిది కొట్టంగ సిద్ధిరాములు బాయి కాడ మోటరు పెట్టి మడి చూస్తున్నడు. ఫోను మోగింది. కళ్యాణి.

"మామా... పెద్దమ్మ మనకు లేదు మామా..."

"ఎప్పుడు?"

"ఇప్పుడే... గిన్నెలు తోముకుంట తోముకుంట..."

"ఆ... సరే."

అంతే. ఫోను పెట్టేసిండు. కళ్యాణి చెవికి మోటరు సప్పుడు తప్ప ఇంకేం ఇనపడలేదట.

తోడవుట్టింది పోయిందని కబురొస్తే మనిషి ఏం చేస్తడు? కూలబడ్తడు. ఇంటికి ఉర్కుతడు. పెండ్లాన్ని పిలుస్తడు. సిద్ధిరాములు మోటరు బందు పెట్టిండు. కాళ్లు కడుక్కున్నడు. ఇంటికొచ్చి పెట్టెల నుంచి భూమి కాయితాలు తీసి ప్లాస్టిక్ కవర్ల పెట్టుకున్నడు.

"యాడికి?" అని విమలమ్మ అడిగింది.

"కామారెడ్డి. పనున్నది."

రేపు రెండో శనివారం. ఎల్లుండి ఆదివారం. ఆఫీసులు బందు. సోమవారం దాక ఆగితే పీనుగ లేస్తది, కర్మలు మొదలైతయి, భివండి నుంచి పెనిమిటి దిగుతడు, ఎవ్వడో ఒకడు దత్తత కాయితం తెస్తడు... ఇదీ వాని లెక్క. పీనుగను రేపటిదాక ఉంచుతరు. కాయితం ఇయ్యాలనే కావాలె. బస్సు ఎక్కంగనే ఫోను ఆపిండు.

రామస్వామి అఫిడవిట్ రాసిండు. నా అక్క భూమక్క మరణించినది. ఆమెకు సంతానం గాని దత్తత గాని లేదు. బాలమల్లుకు నేను ఒక్కడినే వారసుడిని. చనిపోయినట్టు సర్టిఫికెట్ తెచ్చి దీనికి జోడించాలె, అది లేకపోతే ఇది ఉత్త కాయితమే అని కూడ రామస్వామి చెప్పిండు. తెస్త అన్నడు వీడు.

కాయితం కింద ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టిండ్రు. ఒకడు ఎదురుంగ చాయ్ హోటల్ నడిపే అబ్రాహాము. ఇంకొకని పేరు కడకు చెప్త.

* * *

ఎల్లారెడ్డి పోయే ఆఖరి బస్సు దిగేసరికి తొమ్మిదింబావు. తొమ్మిదిన్నర అని చెప్పేటోడు అబద్ధం చెప్తున్నట్టు. తాగిండు అని కూడ అంటరు. తాగలే. వాడు శుక్రవారం తాగడు. నాకు వానితోని పడదు గాని లేని మాట నేను చెప్ప.

అమాసకు రెండు దినాలు ముందు. ఆకాశంల ఏమీ లేదు. స్టేజీ కాడి బల్బు మూడు నెలల నుంచి వెలుగుత లేదు, సర్పంచుకు నేను ఎన్నిసార్లు చెప్పినా పట్టలే.

సిద్ధిరాములు వెల్తురు కోసం ఫోను తెరిచిండు. తెరవంగనే కుప్పలు కుప్పలు మోగబట్టింది. కళ్యాణి... కళ్యాణి... కళ్యాణి... పధ్నాలుగు సార్లు చేసింది. పీనుగ కాడికి ఎప్పుడొస్తవని అడుగుతుండొచ్చు అనుకున్నడు. వెనుకకు చెయ్యలే. పొద్దుగాల చేస్త అనుకున్నడు.

నడుస్తున్నడు.

బాయి ఇంకా యాభై అడుగులున్నది. కప్పలు అరుస్తున్నయి.

ముప్పై అడుగులు.

కప్పలు ఆగినయి.

అన్నీ ఒక్కసారే... ఎవ్వరో సైగ చేసినట్టు.

సిద్ధిరాములు మొఖం కుడి దిక్కే పెట్టుకొని నడిచిండు. చిన్నప్పట్నుంచి నేర్చుకున్నదే గద. కవరు సంకల గట్టిగ పట్టుకున్నడు. తండ్రి ఏసే పిడికెడు బియ్యం ఈ రెండేండ్ల నుంచి తను ఎయ్యలేదని, ఎన్నడూ యాదికి రానిది, అప్పుడు యాదికొచ్చింది.

"తమ్మీ..."

అడుగు పడలే.

ఆ గొంతు హన్మవ్వది కాదు. హన్మవ్వ గొంతు వానికి తెల్వనే తెల్వదు. ఇది భూమక్క గొంతు. వాన్ని సంకల ఎత్తుకొని తిప్పిన గొంతు.

మెల్లగ మెడ తిప్పిండు. ఫోను వెల్తురు నేల మీద ఆడుతున్నది. బాయి ఒడ్డు మీద పాదాలు కనపడ్డయి. మెట్టెలున్నయి. చీర అంచు... మోకాళ్లు...

అంతకన్న పైకి వెల్తురు ఎత్తుటానికి వానికి ధైర్యం చాలలే.

"అక్కా?"

"కబురొచ్చిందా తమ్మీ?"

గుసగుసగ అడిగింది. ఎవ్వరో పక్కన పండుకున్నోళ్లను లేపొద్దన్నట్టు.

"వ... వచ్చింది."

"ఏడ్చినవా?"

సిద్ధిరాములు ఒక అడుగు వెనుకకు వేసిండు.

"ఏడ్చినవా తమ్మీ... నా కోసం?"

"అక్కా, నేను... నేను పొద్దున..."

"ఏడ్వలేదా?"

వెల్తురుల చేతులు కనపడ్డయి. రెండు చేతులు. కొంగు చాపి పట్టుకొని ఉన్నయి.

"ఏదన్న పోయ్యి తమ్మీ... ఒట్టి చేతుల్తోని పోకు."

ఇగ వానికి తెలివి లేదు. ఏం ఇయ్యాలె? జేబుల బస్సు టికెట్ ఉన్నది. చేతుల ఫోను ఉన్నది. సంకల...

కవరు తీసి ఆ కొంగుల పడేసిండు. పడేసి ఉర్కిండు. చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. వెనుక నుంచి పిలుస్తున్నది. తమ్మీ, తమ్మీ... ఆగు తమ్మీ... అడుగుల సప్పుడు కూడ వస్తున్నది.

దయ్యానికి అడుగుల సప్పుడు ఉండదంటరు. ఆ సంగతి ఉర్కేటోనికి యాదికి రాదు.

* * *

ఇంట్లకు వచ్చి గొళ్లెం పెట్టిండు. లైట్లు ఆపిండు. విమలమ్మ లేచి కూసున్నది. డిగ్రీ చదివే బిడ్డ స్నిగ్ధ నడుమింట్ల నుంచి వచ్చింది.

"ఏందయ్యా? ఎవ్వరన్న తరుముతున్నరా?"

"నోరు మూయి. తలుపు తియ్యకు."

అప్పుడే తలుపు సప్పుడైంది. గట్టిగ కాదు. వేలి కణుపుతోని కొట్టినట్టు.

"తమ్మీ... తలుపు తియ్యి."

విమలమ్మ లేవబోయింది. "వదినె గొంతు గదా!"

సిద్ధిరాములు ఆమె చెయ్యి పట్టి గుంజిండు. "తియ్యకు. అక్క సచ్చిపోయింది."

"ఏం కూస్తున్నవ్... ఎప్పుడు?"

"పొద్దుగాల. ఎనిమిదింటికి."

చీకట్ల విమలమ్మ అడిగింది.

"పొద్దుగాల ఎనిమిదింటికి సస్తే... నాకు రాత్రి పదింటికి చెప్తున్నవా?"

సిద్ధిరాములు గొళ్లెం ఇంకా గట్టిగ ఒత్తిండు.

తలుపు మల్ల సప్పుడైంది.

విమలమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది. కుక్కుకున్నా ఆగలే. ఏడ్పు బయటికి వచ్చింది. ఈ ఇంటికి కొత్త కోడలుగ వచ్చినప్పుడు వదినెనే నడుముకు చీర కట్టుడు నేర్పింది. ఆమె ఏడుస్తుంటే స్నిగ్ధ ఏడ్చింది. సిద్ధిరాములు మాత్రం గొళ్లెం మీద చెయ్యి పెట్టి అట్లనే నిలబడ్డడు.

తలుపు సప్పుడు ఆగింది.

తాత పెట్టిన గొళ్లెమే, అదే తలుపు. మారింది రంగు ఒక్కటే.

* * *

నేను పొద్దుగాల నాలుగున్నరకే లేస్త. మా అరుగు మీద కూసోని యాపపుల్ల నములుతున్న. ఎదురింటి కడప ముంగట ఎవ్వరో కూసున్నట్టు కనపడ్డది. గోడకు ఒరిగి... ఒడిల రెండు చేతులు పెట్టుకొని...

నా వయసు డెబ్భై ఆరు. నేను జడుసుకోను. పుల్ల మాత్రం నోట్లె నుంచి కింద పడ్డది.

విమలమ్మ అలుకు చల్లుటానికి తలుపు తీసింది. తియ్యంగనే గిన్నె జారింది. "వదినె దయ్యమయ్యిందో" అని కెవ్వుమన్నది.

"అరవకు విమలా," అన్నది ఆ కూసున్న ఆకారం. "ముట్టి చూడు. వెచ్చగనే ఉన్న. జర చాయ్ పెట్టు, నడుము పట్టుకున్నది."

భూమక్క! బతికున్న భూమక్క!

వాడ వాడంత ఉర్కొచ్చింది. అప్పుడు చెప్పింది ఆమె. శుక్రవారం పొద్దుగాల గిన్నెలు తోముకుంటుంటే కాకి వచ్చి నెత్తి మీద తన్నింది. గోర్లు దిగి నెత్తురొచ్చింది. కాకి తన్నితే ప్రాణగండం. దానికి మందు ఒక్కటే. ఆ మనిషి సచ్చిందని పుట్టింటోళ్లకు కబురు పంపాలె. వాళ్లు నిజమనుకొని ఏడ్వాలె. ఆ కండ్లనీళ్లతోని గండం పోతది. కడుపునిండ ఏడ్చినంకనే, ఉత్తదే, బతికే ఉన్నది అని చెప్పాలె. ముందు చెప్తే పనిచెయ్యదు. ఇది మా దిక్కు చిన్నపిల్లకు కూడ తెలుసు. సిద్ధిరాములుకు తెల్వదా? తెలుసు. కాని ఆ పొద్దు వాని మనసు కాకి మీద లేదు.

"కళ్యాణి ఫోను చేస్తే వీడు సరే అన్నడట," అన్నది భూమక్క. "సరే అంటడా ఎవ్వడన్న? ఏడ్పు ఇనపడలే. మల్ల చేస్తే ఫోను బందు. మనసుల మనసు లేదు నాకు. ఏడ్వకపోతే నేను నిజంగనే పోత గద. బాన్సువాడ మీదికెళ్లి బస్సులు మారి వచ్చేసరికి రాత్రయింది. కాళ్లు గుంజితే బాయి కాడ కూసున్న. వీడొచ్చిండు. బతికున్న అని చెప్పొద్దు గద ఏడ్చేదాక! అందుకే ఏడ్చినవా అని అడిగిన. ఉర్కిండు సన్నాసి."

"మరి తలుపు కాడ పిలిస్తే..." అన్నది విమలమ్మ.

"లోపట నువ్వు ఏడ్చుడు ఇనపడ్డది. మంచిగ ఏడ్చినవ్ విమలా. నా పానం కుదుట పడ్డది. ఇగ నడుమల ఆపుడెందుకని ఇక్కడనే ఒరిగిన."

అందరూ నవ్విండ్రు. హన్మవ్వ అనుకున్నడట అని ఒకడు, చెప్పులు బాయి కాడ దొరికినయని ఒకడు. పదిమంది నవ్వితే నేను కూడ కొద్దిగ నవ్విన.

భూమక్క నవ్వలే. ఒడిల నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది.

"బాయి కాడ తమ్ముడు నా ఒడిల ఇది పోసిండు. నాకు చదువు రాదు. చదువు బిడ్డా."

స్నిగ్ధ తీసుకున్నది. చదవబట్టింది. మొదటి సాలు గట్టిగనే చదివింది. రెండో సాలుకు గొంతు తగ్గింది.

"నా అక్క భూమక్క... మరణించినది. ఆమెకు సంతానం గాని..."

నవ్వులు ఆగినయి. రాత్రి బాయి కాడ కప్పలు ఆగినట్టు.

"...నేను ఒక్కడినే వారసుడిని."

భూమక్క, "తారీకు?" అని అడిగింది.

"నిన్నటిది అత్తమ్మా."

"కాకి తన్నిన దినమే. ఇంకా ఏమున్నది?"

"సాక్షులు. ఒకటి అబ్రాహాము. రెండోది..."

స్నిగ్ధ చదువుడు ఆపింది. తల ఎత్తి మా అరుగు దిక్కు చూసింది.

రెండో సాక్షిని నేను. చింతల సాయిలును. నా సంతకమే.

ఆ శుక్రవారమే పింఛను కోసం నేను కామారెడ్డి బ్యాంకుకు పోయిన. సిద్ధిరాములు దొరికిండు. విరాసత్ కాయితం కాకా, ఊర్లె పెద్దమనిషివి, నీ సంతకమైతే బలం అన్నడు. చదువుకో అని చేతికిచ్చిండు. రామస్వామి చూస్తున్నడు, అబ్రాహాము చూస్తున్నడు. నాకు నా పేరు రాసుడొక్కటే వస్తది, ఆ సంగతి నలుగురి ముందు చెప్పుడు నాతోని కాదు. కాయితాన్ని మొఖం ముంగట పట్టుకొని పై నుంచి కిందికి కండ్లు తిప్పిన. తల ఊపిన. మంచిగున్నది అన్న. గీత మీద సక్కగ సంతకం పెట్టిన.

జామకాయలు తెంపిన పిల్ల సచ్చిందని నేనే గవాహీ ఇచ్చిన.

"నువ్వు కూడనా కాకా?" అన్నది భూమక్క. అంతే. తిడితే బాగుండు.

అప్పటికి సిద్ధిరాములు కడప మీదికి వచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి, జరముతోని. ఏడ్చి కాదు.

"తమ్మీ," అన్నది భూమక్క. "నీకున్నది ఈ ఒక్క బిడ్డనే గద. రేపు నువ్వు పోయినంక నీ పాలోడు, దాయాది ఎవ్వడో ఇట్లనే కాయితం మీద ఈ పిల్లను సంపుతడు. అప్పుడు ఈమె కోసం ఎవ్వడు ఏడ్వాలె?"

సిద్ధిరాములు స్నిగ్ధ దిక్కు చూసిండు. ఆ పిల్ల చేతుల కాయితం ఇంకా అట్లనే ఉన్నది. వాడు అక్కడనే కడప మీద కూలబడ్డడు. అప్పుడు ఏడ్చిండు. ఒక దినం ఆలస్యంగ.

* * *

అఫిడవిట్ పొయిల పెట్టిండ్రు. నెల తిరగకముందే ఇద్దరు పోయి సంతకాలు పెట్టిండ్రు. రెండెకరాల ఆరు గుంటలు ఆమె పేరు మీద, రెండెకరాల ఆరు గుంటలు వీని పేరు మీద. బాయి ఇద్దరిది. లెక్క నేను కూడ చూసిన. ఈ తూరి స్నిగ్ధతోని రెండుసార్లు చదివించుకొని చూసిన.

ఒడిబియ్యం వేరే పోసిండ్రు. అయిదు దోసిళ్లు. చీర ఆకుపచ్చది.

ఇక్కడితోని అయిపోతే మంచిగుండు.

మద్నూర్ పోయే ముందు భూమక్క మా అరుగు కాడ ఆగింది. నాతోని మాట్లాడుతదని నేను అనుకోలే.

"కాకా, ఆ రాత్రి బాయి కాడ కూసున్న అవ్వ ఎవ్వరింటామె?"

"ఏ అవ్వ?"

"నేను పొయ్యేసరికే కూసొని ఉన్నది. నాకు జాగ ఇచ్చి పక్కకు జరిగింది. మనిషి సల్లగుండె, తడిసినట్టు. మీ తమ్ముడు వస్తున్నడు అని ఆమెనే చెప్పింది. ఒడి పట్టు బిడ్డా, ఇయ్యాల పోస్తడు అన్నది. అందుకే పట్టిన. నా అంతట నేను ఎన్నడన్న ఎవ్వన్నన్న అడిగిననా కాకా?"

అడుగలే. ఆమె సంగతి నాకు తెలుసు.

సిద్ధిరాములును మూడుసార్లు అడిగిన, మూడు వేరే వేరే దినాలు. బాయి ఒడ్డు మీద ఎందరున్నరని. మూడుసార్లు ఒక్కటే చెప్పిండు. ఒక్కతే.

మా ఊర్లె ఆ ఈడు ఆడోళ్లు ఆరుగురున్నరు. ఆరిండ్లకు పోయి అడిగిన. ఆ రాత్రి ఎవ్వరూ కడప దాటలే.

నేను బాలమల్లు బాయికి ముప్పై ఒక్క ఏండ్లు పోలే. నిన్న పొద్దు గుంకంగ పోయిన. నా సంతకానికి నేను జవాబు చెప్పుకోవాలె గద. రుమాలుల బియ్యం కట్టుకున్న. పిడికెడు కాదు, దోసెడు. పసుపు కలిపి.

ముందుగల ఒక చిన్న గులకరాయి వేసి చూసిన. నీళ్లు నిండుగున్నయి. బుడుంగుమన్నది.

తరువాత రెండు చేతులు చాపి బియ్యం వదిలిన. నిలబడి విన్న.

సప్పుడు రాలే.

నా చెవులు ఇప్పటికీ మంచిగనే ఇనపడ్తయి.